పరదాలోంచి వచ్చిన కాలు

కొత్తగా పశువైద్యంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మర్యాదగా కూర్చుంటారు, చాయ్ తాగుతారు, ఆ తర్వాత అసలు ప్రశ్న అడుగుతారు. "పెంపుడు కుక్క కుంటుకుంట వస్తే ముందుగాల ఏ మందు ఇయ్యాలె సార్?"

ముందుగాల మందట! కుక్క ఇంకా గుమ్మం దాటలేదు, వీళ్ళ చెయ్యి అప్పుడే అలమారాలో ఉంటుంది. "ఏ కాలు కుంటుతోంది?" అని నేను ఎదురడిగితే, "ఓనరు చెప్తడు కద సార్" అంటారు. ఓనరు చెప్పింది నమ్మి వైద్యం చేసేటట్టయితే మనకు చదువెందుకు? ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి మనం ఇంటికి పోవచ్చు.

నా ఉద్యోగంలో బదిలీలు ఉన్నాయి, ప్రమోషన్లు ఉన్నాయి, పైవాళ్ళకు రాసుకున్న అర్జీలు ఉన్నాయి. అవి ఎవరికీ అక్కరకు రావు కాబట్టి రాయను. కుంటే కుక్క గురించి మాత్రం రాస్తాను. నా సర్వీసు మొత్తంలో మనుషుల తెలివితక్కువతనం నాకు అంత బాగా కనిపించిన చోటు ఇంకొకటి లేదు.

సలోత్రి

పంతొమ్మిది వందల ముప్పైల నడుమ నుంచి నలభైలు ముగిసేదాకా నేను నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక సర్కారు పశువుల దవాఖానలో పనిచేశాను. మాది మెదక్ పక్క పల్లె. మా నాయన మిషన్ బడిలో పంతులు. నేను మనుషుల డాక్టరును కావాలని ఆయన రోజూ ప్రార్థన చేసేవాడు. పశువుల డాక్టరునయ్యానని తెలిసినప్పుడు చుట్టాలందరూ ఇంటికొచ్చి ఆయన్ను ఓదార్చి వెళ్ళారు.

పట్నంలో మమ్మల్ని 'సలోత్రి' అనేవాళ్ళు. గుర్రాల వైద్యుడని అర్థం. అందులో తప్పు లేదు, మా పనిలో ముప్పాతిక వంతు స్టేషన్ ముందర నిలబడే టాంగా గుర్రాలదే. కుక్కలు ఆబిడ్స్ వైపు నుంచి వచ్చేవి. అద్దాల షాపుల సేట్లు, బంగళాల వకీళ్ళు, కొత్తగా డబ్బు చూసిన గుత్తేదార్లు పెంచుకునే కుక్కలు. సికింద్రాబాద్ లష్కరు నుంచి ఏ దొరో సీమకు పోతూ అమ్మేసిన కుక్కను కొనుక్కుని, దానితోపాటు దొరతనం కూడా ఇంటికి వచ్చిందనుకునే రకం మనుషులు వీళ్ళు.

అలాంటి కుక్క ఒక పూట కుంటితే ఇంట్లో ఎన్ని వైద్యాలు జరిగేవో చెప్తాను. మొదట వంటామె పసుపూ ఆముదమూ కాచి పోస్తుంది. కాలు బొబ్బలెక్కుతుంది. తర్వాత తోటమాలి వాత పెడతాడు, పల్లెలో ఎద్దుకు పెట్టేవాళ్ళు కదా, కుక్కకు ఎందుకు పెట్టకూడదని. ఆ పైన ఇంటి పెద్ద తను వేసుకునే నొప్పి మాత్రనే సగం విరిచి పాలల్లో కలిపి పోస్తాడు, కుక్క రక్తం కక్కుతుంది. ఇంతా అయ్యాక తాయెత్తు. కోతి పుండు బ్రహ్మరాక్షసి అయ్యాక మా దగ్గరికి తెచ్చి, "డాక్టర్ సాబ్, ఏమీ చెయ్యలేదు, నిన్నటి నుంచి గిట్లనే ఉన్నది" అంటారు. ఏమీ చెయ్యకుండా ఉండి ఉంటే ఆ కుక్కల్లో సగం వాటంతట అవే బాగయ్యేవి.

వంగని నడుము

మా దవాఖాన పెద్ద డాక్టరు ఇంకో రకం. పేరు రాయను, ఆయన పిల్లలు మంచివాళ్ళు. ప్యాంటు ఇస్త్రీ మడత చెడుతుందని ఆయన ఏనాడూ కిందికి వంగలేదు. కుర్చీలోంచే రోగం చెప్పేవాడు. ఆ రోగం కుక్కను బట్టి కాక ఇంటిని బట్టి ఉండేది. నవాబుల దేవిడీ నుంచి వచ్చిన కుక్కకు కీళ్ళవాతం, గుమాస్తా ఇంటి కుక్కకు ఎవరో కొట్టిన దెబ్బ, స్టేషన్ దగ్గరి కుక్కకు "హటావో".

నేను చేరిన కొత్తల్లో ఒకసారి, "కుక్కను జర నడిపించి చూద్దామా సార్?" అన్నాను. ఆయన కళ్ళద్దాల మీది నుంచి నన్ను చూసి, "ఇది దవాఖాన, సర్కస్ కాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళూ ఆయన కిందివాళ్ళే, నవ్వక ఏం చేస్తారు?

అప్పటికే నాకు ఒక సంగతి తెలుసు, టాంగా గుర్రాలను చూసి చూసి ఒంటబట్టిన సంగతి. కుంటే జంతువు నిలబడితే ఏమీ చెప్పదు. పడుకుంటే అబద్ధం చెప్తుంది. నడిస్తేనే నిజం చెప్తుంది. దాన్ని నడిపించకుండా వైద్యం చేసేవాడు రోగి నోరు మూసి కష్టమేమిటని అడిగేవాడితో సమానం.

గుత్తేదారు ఇల్లు

ఇక అసలు కేసు. ఆబిడ్స్ వెనక వీధిలో నరసింగరావు అనే గుత్తేదారు ఉండేవాడు. సర్కారు ఇళ్ళు కట్టిస్తూ తనకూ ఒక పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. మన తెలుగువాళ్ళే అయినా, పెద్ద కొలువుల వాళ్ళ ఇళ్ళు చూసి తన ఇంట్లోనూ ఘోషా పెట్టాడు. ఆయన తండ్రి కాలంలో ఆ ఇంటి ఆడవాళ్ళు కోఠి దాకా నడిచిపోయి గాజులు వేయించుకుని వచ్చేవాళ్ళట. కొడుకు చేతిలో నాలుగు రాళ్ళు ఆడగానే ఆడవాళ్ళ ముందుకు పరదా వచ్చింది. పిండి కొద్దీ రొట్టె అంటారు, ఆ ఇంట్లో రొట్టె కొద్దీ పరదా.

ఆయన వదిన లక్ష్మీబాయమ్మ ఆ ఇంట్లోనే ఉండేది. ఆమె భర్త, గుత్తేదారు అన్న, చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఆమెకు ఉన్నదల్లా మోతీ, చెవులు వేలాడే బొచ్చు కుక్క. దాన్ని దొర దగ్గర కొని తెచ్చింది గుత్తేదారే గానీ, ఆయన మోజు వారంలో తీరింది. మోతీ లోపలి గదుల్లో, తివాచీల మీద, ఆమె కొంగు పట్టుకుని పెరిగింది. ఆమె చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ నిలిచేది కాదు.

మోతీ కుంటడం మొదలుపెట్టాక మా పెద్ద డాక్టరు బగ్గీలో ఆ ఇంటికి వెళ్ళాడు. ఘోషా స్త్రీ ఒడిలో ఉన్న కుక్కను పరాయి మగవాడు ఎట్లా చూడాలి? వాళ్ళకో ఉపాయం తోచింది. గుమ్మానికి వేసిన పరదా అంచు కింది నుంచి కుక్క కాలొకటి బయటికి చాపారు. పెద్ద డాక్టరు అటువైపు కుర్చీలో కూర్చుని, ఆ కుడి ముందుకాలును రెండు వేళ్ళతో ముట్టుకుని, "కీలు జరిగింది, గట్టిగా కట్టండి" అని చెప్పి షర్బత్ తాగి వచ్చేశాడు. గట్టిగా అంటే ఎంత గట్టిగా అన్నది చెప్పలేదు. కట్టినవాడు ఇంటి మేస్త్రీ, పరంజాకు బొంగులు కట్టే చెయ్యి.

వారం తిరిగేసరికి ఆ కాలు ఉబ్బింది, కుక్క నిలబడలేకపోయింది. పెద్ద డాక్టరు ఈసారి పోకుండానే, "కీలు పోయింది, ఇక దాన్ని బాధ పెట్టకండి" అని కబురు పంపాడు. గుత్తేదారుకు కావలసిందీ అదే. ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీద ఆయన కొత్త దుకాణాల మడిగెలు తెరవబోతున్నాడు. ముహూర్తం దగ్గర పడింది. కుంటి జంతువు ఇంట్లో ఉండగా వ్యాపారం మొదలుపెడితే వ్యాపారం కుంటుతుందని ఎవరో ఆయన చెవిలో ఊదారు. ఆ ఊదినవాడు మనిషే, విన్నవాడూ మనిషే, చావవలసింది మాత్రం కుక్క. ఆ పని చెయ్యడానికి నన్ను పిలిపించాడు.

నేను వెళ్ళేసరికి పరదా కింది నుంచి అదే కుడికాలు వచ్చింది. లోపల ఆడమనిషి ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నేను కట్టు కోసేశాను. కీలును మెల్లగా మడిచాను, చాపాను, తిప్పాను. కుక్క కిక్కురుమనలేదు. వాపంతా తాడు వల్ల వచ్చిందే. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగున్న కాలును కట్టి చెడగొట్టారు.

"గుత్తేదార్ సాబ్, ఈ కాలుకు కట్టు తప్ప ఇంకే రోగమూ లేదు. నాలుగు రోజులు ఆగండి, వాపు తీసినంక కుక్కను నడిపించి చూస్త" అన్నాను.

"ముహూర్తం శుక్రారం డాక్టరూ."

"గురువారం వస్త."

ఆయనకు ఇష్టం లేదు. అయినా చంపడానికి కూడా డాక్టరు కావాలి కాబట్టి సరేనన్నాడు.

గురువారం

గురువారానికి వాపు పోయింది. కుక్క లేచి తిరుగుతోందట, కానీ కుంటుతూనే ఉందట. "సూసినవా, కీలు పోయిందని పెద్ద డాక్టర్ సాబ్ ముందే చెప్పిండు" అన్నాడు గుత్తేదారు సంతోషంగా.

"నడిపించండి, చూస్త."

నౌకరు మోతీని ముంగిట్లోకి ఎత్తుకొచ్చి దించాడు. అది కూలబడింది. మెడకు తాడు వేసి లాగాడు. అది నాలుగు కాళ్ళూ బిగబట్టింది. తాడుతో ఈడ్చే కుక్క నాలుగు కాళ్ళా కుంటుతుంది, దాంట్లో చూసేదేమీ లేదు. అదే మాట చెప్పాను.

గుత్తేదారు విసుక్కున్నాడు. "ఇగ ఎట్ల నడుస్తది మరి? నువ్వు తెచ్చిన సూది ఏస్తే పీడ పోతది గద."

పరదా వెనక నుంచి గొంతు వినిపించింది. "మోతీ నా ఎంట నడుస్తది డాక్టర్ సాబ్. నేను నడిస్తే సూస్తరా?"

"చూస్తనమ్మా" అన్నాను.

గుత్తేదారు ముఖం కందగడ్డ అయింది. "లోపటికి పో వదినా! పరాయి మొగోని ముంగట... ఇజ్జత్ తీస్తవా?"

"ఇజ్జత్ సంగతి మోతీ బతికినంక సూద్దాం మరిదీ" అన్నదామె. పరదా పక్కకు జరిగింది. ముఖం మీదికి కొంగు లాక్కుని లక్ష్మీబాయమ్మ ముంగిట్లోకి వచ్చింది. బావి గట్టు దాకా నడిచింది, తిరిగి వచ్చింది. పిలవకుండానే మోతీ ఆమె వెంట నడిచింది.

నేను తల ఎత్తలేదు. మర్యాద కోసం కొంత, పని కోసం కొంత. నేలబారుగా కళ్ళు పెట్టి చూస్తే ఒక్క రాకపోకలోనే అంతా తెలిసిపోయింది. పిల్లల్లారా, ఈ ముక్క గుర్తుంచుకోండి. ముందుకాలు నొచ్చే కుక్క, ఆ కాలు నేలకు ఆనినప్పుడు బరువు పడకుండా తల పైకెత్తుతుంది. మంచి కాలు ఆనినప్పుడు తల కిందికి వేస్తుంది. తల వంగినప్పుడు ఆనిన కాలే కుంటిదని చూసేవాళ్ళు అనుకుంటారు. పొరపాటు. అది పాపం రెండు కాళ్ళ బరువు మోస్తున్న మంచి కాలు. ఆ ఇంటిల్లిపాదీ ఆ పొరపాటే చేసి, మంచి కాలును పరదా కింది నుంచి చాపారు. మా పెద్ద డాక్టరు చాపిన కాలుకే వైద్యం చేశాడు. వేరే కాలొకటి ఉంటుందన్న అనుమానం కూడా ఆయనకు రాలేదు.

ఎడమకాలు చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందుల్లో బొచ్చు విడదీశాను. చివరి వేలి గోరు ఉంగరంలా చుట్టుకుని తిరిగి మెత్తటి పాదంలోకే దిగిపోయి ఉంది. తివాచీ మీద తిరిగే కుక్కకు గోరు ఎక్కడ అరుగుతుంది? గోరు కత్తిరించి, గుచ్చుకున్న ముక్క లాగేశాను. చీము వచ్చింది, కడిగి మందు పెట్టాను. మోతీ ఒక్కసారి అరిచి నా చెయ్యి నాకింది.

"గింతేనా?" అన్నాడు గుత్తేదారు. ఇంత చిన్న జబ్బు తన ఇంటి కుక్కకు రావడం ఆయనకు నామోషీగా ఉన్నట్టుంది.

నేను ఇంకో సంగతి కూడా చూశాను. నేలబారుగా చూసేవాడికి కుక్క కాళ్ళ పక్కన నడిచే మనిషి కాళ్ళు కూడా కనిపిస్తాయి. లక్ష్మీబాయమ్మ ఎడమ మడమ నేలకు ఆనడం లేదు. మునివేళ్ళ మీద నిలిపి, గబుక్కున కుడికాలు మీదికి పడుతోంది. కుక్కకంటే ఆమెదే పెద్ద కుంటు.

"అమ్మా, మీ కాలుకేమైంది?" అన్నాను.

"మెట్ల మీద పడ్డ బిడ్డా. శానేండ్లయింది."

"ఎవరు చూసిన్రు?"

"హకీం సాబ్ ఒచ్చిండు. పరదాల నుంచి చెయ్యి పెట్టుమన్నడు. నాడి సూసి లేహ్యం ఇచ్చిండు."

విరిగింది కాలు, చూసింది చెయ్యి! గుత్తేదారు వైపు తిరిగి, "మీ వదినగారికి మడమ దగ్గర ఎముక విరిగి వంకరగా అతికింది. మిషన్ దవాఖానలో లేడీ డాక్టరు ఉన్నది, తీసుకపోండి" అన్నాను.

"ఆమె నడకనే అంత" అన్నాడాయన. "గుర్రాల డాక్టరువు, గుర్రాల సంగతి సూసుకో."

రోజూ ఆమె చేతి అన్నం తింటూ, రోజూ ఆమె నడక చూస్తూ ఉన్న మనిషి అన్న మాట అది. నాకు ఒళ్ళు మండింది. కానీ సర్కారు నౌకరీ వాణ్ణి, ఆయనకు నా పైవాళ్ళందరితో దోస్తానా. కాబట్టి గుర్రాల సంగతే మాట్లాడాను. "సరే. ఈ కుక్క రోజూ గట్టి నేల మీద నడవాలె. లేకుంటే గోరు మళ్ళ పెరుగుతది, మళ్ళ కుంటుతది. మీ మడిగెలకు మంచిది కాదు. అది ఈ అమ్మ వెంట తప్ప నడవదు, మీరే చూసిన్రు. బాగే ఆం తోట దాకా పంపించండి. దారిలోనే మా దవాఖాన, పట్టీ కూడా మారుస్త."

మడిగెల మాట పనిచేసింది. ఆమె కాలి కోసం కదలని పరదా కుక్క గోరు కోసం కదిలింది.

కింది నుంచి పైకి

ఇక మీ పనికొచ్చే మాట. కుంటే కుక్క వస్తే నమ్మిన మనిషితో, తాడు వదులుగా పట్టించి నడిపించండి. తల చూడండి. తర్వాత పాదం నుంచి మొదలుపెట్టి పైకి పోండి. మా కాలంలో నాంపల్లి రోడ్డు మీద టాంగా గుర్రాల నాడా మేకులు రాలి ఉండేవి, సగం కుక్కల పాదాల్లో అవే. ఆబిడ్స్ సిమెంటు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం నడిపిస్తే పాదాలు కాలేవి. గాజుపెంకు, ముల్లు, వేళ్ళ సందున గోమారి పురుగు, చీలిన గోరు. ఇవేవీ లేవని తేల్చుకున్నాకే కీళ్ళ దాకా పోండి. ఒక కాలును రెండో కాలుతో పోల్చి చూడండి. కాలు అసలే మోపకపోయినా, వేలాడుతున్నా, వారమైనా తగ్గకపోయినా ఇంట్లో ప్రయోగాలు మానమని గట్టిగా చెప్పండి. మనుషుల మాత్రలు ఇచ్చేవాణ్ణి తిట్టండి, పుణ్యం వస్తుంది. బిగించి కట్టేవాణ్ణి ఇంకా గట్టిగా తిట్టండి.

పెద్ద డాక్టరు ఏమయ్యాడని అడుగుతారేమో. మోతీ బాగయిందని విని, "నా కట్టు పనిచేసింది" అన్నాడు. ఆయన బల్ల మీద గుత్తేదారు పంపిన పండ్ల బుట్ట వారం రోజులు ఉంది.

లక్ష్మీబాయమ్మ పట్టీ కోసం దవాఖానకు వచ్చిన మొదటి రోజే మా ఆవిడను వెంట ఇచ్చి మిషన్ దవాఖానకు పంపాను. మా ఆవిడ అక్కడ నర్సు. లేడీ డాక్టరు కాలు చూసి, విరిగినప్పుడే తెచ్చి ఉంటే సరిచేసేదాన్నని, ఇప్పుడు చెయ్యగలిగింది లేదని చెప్పిందట. లక్ష్మీబాయమ్మ ఏడవలేదట. "నా మోతీకైన డాక్టర్ సాబ్ టైముకు దొరికిన్రు" అన్నదట.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బాగే ఆంలో వాళ్ళిద్దరినీ చూశాను. మోతీ ముందుకు ఉరికేది, ఆగేది, ఆమె వచ్చేదాకా వెనక్కి చూస్తూ నిలబడేది.

గుత్తేదారు కూడా దారిలో ఎదురుపడేవాడు. మడిగెలు బాగా నడుస్తున్నాయి, మనిషి ఇంకా లావయ్యాడు. "మా కుక్క మంచిగ నడుస్తున్నది డాక్టరూ!" అనేవాడు.

"మీ వదినగారో?" అని అడిగేవాణ్ణి, ప్రతిసారీ.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. "ఆమెకేమైంది?" అనేవాడు.